మోకాళ్ళ దగ్గర ఆగిన గొంతు

నా గొంతు బాగుంటుందని నాకు మొదటి నుంచీ కాస్త పొగరు. ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పి, మైకు లేకుండా చివరి బెంచీ దాకా వినిపించిన గొంతు అది. రిటైరయ్యాక దానికి పని లేక ఇంట్లో మా ఆయన మీద వాడుతుంటే, ఆయనే ఒకరోజు మాకు యోగా నేర్పే పట్టాభిగారితో అన్నారు. "మా రత్నం చేత ఏదైనా చెప్పించండి గురువుగారూ, నాకు ఒక పూటైనా విశ్రాంతి దొరుకుతుంది" అని. అందరం నవ్వుకున్నాం. అలా మొదలైంది మా డాబా మీద యోగా తరగతిలో శవాసనం చెప్పే పని. మొన్నటి వేసవిలో ఆ గొంతుతో నేనేం చేశానో చెప్పడానికి ఇది రాస్తున్నాను. గొప్పగా చెప్పుకునేదేమీ కాదు.

మాది కొత్తపేట, రైతు బజారు వెనక సందు. మూడంతస్తుల మీద రేకుల షెడ్డు వేయించాం, అద్దెకిద్దామని. అద్దెకి ఎవరూ రాలేదు గానీ యోగా వచ్చింది. పొద్దున్న ఐదున్నరకి ఆడవాళ్ళ బ్యాచ్, పాతిక మంది దాకా ఉండేవాళ్ళం. నేర్పేది పట్టాభిగారు. యాభై ఏళ్ళ మనిషి, ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల బట్టలు, మెల్లగా మాట. తరగతి అయ్యాక మా ఇంట్లోనే టిఫిన్. నాలుగేళ్ళ కిందట నేను నడుము నొప్పితో గోడ పట్టుకోకుండా లేవలేని మనిషిని. ఆపరేషన్ తప్పదన్నారు డాక్టర్లు. ఆయన ఎనిమిది నెలల్లో నన్ను నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోబెట్టారు. అందుకని ఆయన మాట మా ఇంట్లో వేదం. మా ఆయన వెంకటేశ్వరరావుగారు యోగా కమిటీకి అధ్యక్షులు, వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్ నేను. మొత్తానికి తరగతి సగం మాదే అన్నట్టుండేది.

శవాసనం గురించి తెలియని వాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. చివర్లో అందరూ వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకుంటారు. ఒకరు ఒక్కో అవయవం పేరు చెబుతుంటే, విన్నవాళ్ళు దాన్ని వదులు చేసుకుంటూ పోవాలి. నేను ముందు స్టూలు మీద కూర్చుని మైకులో, "కళ్ళు మూసుకోండి" అని ఒకసారి చెప్పి మొదలుపెడతాను. కాలి వేళ్ళు, పాదాలు, మడమలు, పిక్కలు, మోకాళ్ళు, అలా తల దాకా. ఆ పది నిమిషాలూ డాబా మీద కళ్ళు తెరుచుకుని ఉండేది ఇద్దరమే. నేనూ, వరసల మధ్య చెప్పులు లేకుండా తిరిగే గురువుగారూ.

తేజస్విని మే నెల మొదట్లో చేరింది. దేవరకొండ వైపు పిల్ల, ఇరవై మూడేళ్ళుంటాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతోంది. రోజంతా కుర్చీలో కూర్చుని మెడ పట్టేస్తే, మా ఎదురింటి ఆండాలు వెంటబెట్టుకొచ్చింది. ఆ హాస్టల్ ఉన్న బిల్డింగు ఆండాలుదే. ఒకప్పటి వాళ్ళ మామగారి పొలాల మీదే ఇప్పుడు మా సందులన్నీ ఉన్నాయి. అయినా ఆవిడ అందరికంటే ముందొచ్చి చీపురు పట్టుకుంటుంది. ఆ పిల్ల పెద్దగా మాట్లాడేది కాదు. మూడో వరసలో, నీళ్ళ ట్యాంకు పక్కన చాప వేసుకునేది.

తను చేరిన రెండో వారం, మంగళవారం. రాత్రి కరెంటు లేక అందరూ ఉడికిపోయి వచ్చారు. పడుకోగానే సగం మంది నిజంగానే నిద్రలోకి జారారు. నేను పిక్కలు అయ్యాక, మోకాళ్ళు అన్నాను. అప్పుడు తల ఎత్తితే, గురువుగారు తేజస్విని పక్కన మోకాలి మీద కూర్చుని ఉన్నారు. మిగతా ఆసనాల్లో ఆయన భుజం పట్టి, నడుము పట్టి సరిచేసేవారు. అది నాకూ చేశారు, అందరికీ చేశారు. కానీ శవాసనంలో సరిచేయాల్సిందేమీ ఉండదు. మనిషి చచ్చినట్టు పడుకోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. ఆ చెయ్యి ఎక్కడుందో తర్వాత రాయించాల్సిన చోట రాయించాను, ఇక్కడ రాయను. ఆ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. చేతి పిడికిళ్ళు రెండూ బిగించుకుని ఉంది. నిద్రపోయేవాళ్ళు పిడికిలి బిగించరు.

నేను ఆగిపోయాను. ఎంతసేపని అడిగితే, నాలుగైదు ఊపిరులంత. ఆయన తల తిప్పి నా వైపు చూశారు. నేను చూపు దించుకుని మైకు వైరు సర్దాను. తర్వాత మళ్ళీ మోకాళ్ళ నుంచి అందుకున్నాను. తల దాకా వచ్చేసరికి ఆయన మెట్ల దగ్గర నిలబడి సూర్యుణ్ణి చూస్తున్నారు.

మర్నాడు తేజస్విని రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాకు నేనే రకరకాలుగా చెప్పుకున్నాను. ఊరికే అటు చూశాను, సరిగ్గా కనబడలేదు, ట్యాంకు నీడ పడింది, ఆయన ఏదో నాడి చూస్తున్నారు. క్లాసులో కాపీ కొట్టే పిల్లవాణ్ణి కంటిచూపుతో పట్టుకున్న టీచరుని, పది అడుగుల దూరంలో మనిషి చెయ్యి కనబడలేదని నన్ను నేను నమ్మించుకున్నాను. ఇడ్లీలు మాత్రం రోజూ ఆయనకి వేడివేడిగా పెట్టాను.

శుక్రవారం ఆండాలు వచ్చింది. వంటింటి గడప మీద కూర్చుని చాలాసేపు ఎండల గురించి మాట్లాడింది. చివరికి అసలు సంగతికొచ్చింది.

"గా పిల్ల గురువుగారి మీద ఏందో చెప్తున్నది టీచరమ్మా. అబద్ధం చెప్పే పిల్లలెక్క అగుపడదు. మీరు ముందల కూసుంటరు గద, మీకేమన్న అగుపడ్డదా?"

పోపు మాడుతోందంటూ స్టవ్వు వైపు తిరిగాను. నిజానికి ఇంకా ఆవాలు కూడా వేయలేదు.

కమిటీ మా హాల్లోనే కూర్చుంది. మా ఆయన మంచి మనిషి, ఆ మంచితనంతోనే మొత్తం నడిపించారు. ఎవరినీ గద్దించలేదు. అందరికీ మజ్జిగ ఇప్పించారు. గురువుగారు సోఫాలో కళ్ళు మూసుకుని కూర్చున్నారు. తేజస్విని తలుపు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో, పక్కన ఆండాలు. ఆ పిల్ల జరిగింది రెండు మాటల్లో చెప్పింది. ఆయన కళ్ళు తెరిచి, బిడ్డ మెడ నొప్పికి కింది నరం చూశాననీ, చెప్పి చేయాల్సిందనీ, పొరపాటు అక్కడేననీ అన్నారు. పక్క సందు ఆవిడ ఒకరు, ఈ కాలం పిల్లలకి అన్నీ అనుమానాలే అన్నారు. ఆండాలు, చెయ్యికి బదులు కట్టె పట్టుకుని చూపియ్యొచ్చు గదా అంది. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వులాటకి అనలేదు.

అప్పుడు మా ఆయన అడిగారు, చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. శవాసనంలో ఎవరు చూస్తారండీ అన్నారు ఎవరో. అది నిజమే కదా అన్నట్టు అందరూ తలలూపారు. తేజస్విని ఒక్కతే నా వైపు తిరిగింది.

"మేడం, రోజు మీరు నడుమ ఆగరు. ఆ దినం మోకాళ్ళ కాడ ఆగిన్రు. ఎందుకు ఆగిన్రో చెప్పున్రి, నాకు గంతే చాలు."

 అందరూ నా నోటి వంక చూస్తున్నారు. గురువుగారు కూడా, ఎంతో ప్రశాంతంగా.

"గొంతు ఎండిపోయిందమ్మా," అన్నాను. "అయినా నేను కూడా కళ్ళు మూసుకునే చెబుతాను. అలా అయితేనే మాట నెమ్మదిగా వస్తుంది."

ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకి నిజం చెప్పమని చెప్పిన నోరు అది. ఎక్కడా తడబడలేదు. అందుకే ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు చచ్చిపోతుంది.  ఆ పిల్ల లేచి, మజ్జిగ గ్లాసు ముట్టకుండానే టీపాయ్ మీద వదిలేసి వెళ్ళిపోయింది.

గురువుగారు తనంతట తానే ప్రాయశ్చిత్తం ప్రకటించుకున్నారు. మూడు రోజులు మౌనవ్రతం. చెప్పాల్సింది రాసి చూపించడానికి పలక కావాలంటే, అటక మీద నుంచి నా పాత పలక తీసి తుడిచి ఇచ్చింది నేనే. ఆయన దాని మీద 'ఎవరి మనసైనా నొచ్చుకుంటే క్షమించండి' అని రాసి, మెడలో వేసుకున్నట్టు గుండెల మీద పట్టుకుని వరసల మధ్య తిరిగారు. చూసి ఇద్దరు ఆడవాళ్ళు ఏడ్చారు. మూడో రోజుకి జనం ఆయన కాళ్ళకి దండం పెట్టడం మొదలైంది. తప్పు చేసిన మనిషి మౌనంగా ఉంటే మహానుభావుడైపోయాడు, తప్పు జరిగిందని చెప్పిన పిల్ల నోరు పెద్దదైపోయింది.

తేజస్వినికి మనశ్శాంతిగా ఉంటుందని కమిటీ ఆ పిల్లని గ్రూపులోంచి తీసేయమంది. తీసేశాను. ఒక్క వేలు ఆనించాను, అంతే. గురువుగారిని మాత్రం ఈ సందులో మాటలు చల్లారేదాకా ఎల్బీనగర్‌కి పంపుదామన్నారు. అక్కడ కొత్తగా ఆడవాళ్ళకి సాయంత్రం బ్యాచ్ పెడుతున్నారు, ఎలాగూ ఒకరు కావాలి. ఇంత చక్కగా తేలిపోయిందని మా ఆయన సంతోషించారు. వెళ్ళేముందు గురువుగారు నా దగ్గరికొచ్చి, "అమ్మా, అక్కడ మీరుండరు. మీ శవాసనం ఫోన్లో రికార్డు చేసి ఇవ్వండి" అన్నారు. స్టూలు మీద కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా, ఎక్కడా ఆగకుండా చెప్పి ఇచ్చాను.

జూన్ మొదటి వారంలో ఒక ఆదివారం మధ్యాహ్నం నేను గోంగూర ఒలుస్తున్నాను. మా కోడలు అమల పక్కన కూర్చుని తనూ ఒక కట్ట తీసుకుంది. అమల ఎల్బీనగర్‌లో బ్యాంకులో పనిచేస్తుంది. పాపాయి పుట్టాక నడుము నొప్పి పట్టుకుని వదలడం లేదు.

"గురువుగారి సాయంత్రం బ్యాచ్ మా బ్యాంకు పక్క బిల్డింగేనట అత్తయ్యా. రేపటి నుంచి వెళ్దామనుకుంటున్నాను. మీ నడుము బాగుచేసిన మనిషే కదా," అంది.

"వద్దమ్మా," అన్నాను.

ఆలోచించుకోకముందే అనేశాను. అమల చెయ్యి ఆగింది.

"ఎందుకు?"

"ఇంట్లో నేనే నేర్పుతాను. అంత దూరం ఎందుకు?"

"దూరమేంటి, నేను రోజూ వెళ్ళేదే కదా."

నేను ఆకులు వదిలేసి కాడలు గిన్నెలో వేస్తున్నాను. అమల అది చూసి, కాడలన్నీ ఒక్కొక్కటిగా ఏరి పక్కన పెట్టింది. ఆ తర్వాత చాలా చిన్నగా అడిగింది.

"మీరు చూశారు కదా అత్తయ్యా?"

నేను కింద రాలిన ఆకులు ఏరసాగాను. తను మిగిలిన కట్ట కూడా ఒలిచి, గిన్నె లోపల పెట్టి వెళ్ళిపోయింది.

అమల నాతో మాట్లాడటం మానేస్తే బాగుండేది. మానలేదు. కాఫీ ఇచ్చింది, మందులు గుర్తుచేసింది, అన్నీ మామూలే. ఒక్కటే మారింది. మధ్యాహ్నాలు మా మనవరాలిని మూడేళ్ళ నుంచి నేనే నిద్రపుచ్చుతాను. కథలక్కర్లేదు దానికి, కాలి వేళ్ళు నిద్రపోయాయి, పాదాలు నిద్రపోయాయి అంటుంటే మోకాళ్ళు దాటకముందే గుర్రు పెడుతుంది. ఆ శనివారం సెలవైతే నేను పాప పక్కన చేరగానే అమల వచ్చి దాన్ని ఎత్తుకుంది. "నేను పడుకోబెడతాలెండి" అంది. కోపంగా కూడా అనలేదు. నా గొంతు పాప చెవిలో పడటం తల్లికి ఇష్టం లేదని అర్థమయ్యేసరికి నేను బాల్కనీలోకి పోయి ఆరిన బట్టలన్నీ మళ్ళీ ఆరేశాను.

నాలుగు రోజుల తర్వాత ఆండాలు వచ్చింది. ఆవిడ చెల్లెలు ఎల్బీనగర్ బ్యాచ్‌లో చేరిందట.

"మీరు లేరన్న మాటే గానీ మీ గొంతు ఆడికి వచ్చింది టీచరమ్మా. గురువుగారు స్పీకర్ల పెడ్తున్నడంట. కండ్లు మూసుకోమంటరు మీరు, అందరు మూసుకుంటరంట. మస్తు నిద్ర వడ్తదంట."

మా డాబా మీద కనీసం రెండు కళ్ళయినా తెరిచి ఉండేవి. పనికిమాలిన కళ్ళే, కానీ ఉన్నాయి కదా. అక్కడ ఆయన ఒక్కరివే. మిగతా అందరి కళ్ళూ నేను మూయించి పెట్టాను, రోజూ సాయంత్రం ఆరున్నరకి, ఇంట్లో కూర్చుని టీ తాగుతూ. ఆండాలు ఎదురుగానే చెప్పేశాను, చూశానని. ఆవిడ తిట్టలేదు. చెంగుతో ముఖం తుడుచుకుని, "నాకెర్కనే" అంది. ఆ రోజు ఆవాలు వేయకుండానే పోపు మాడిందన్నప్పుడే తెలిసిందట.

మా ఆయనకి చెప్పడం అంతకంటే కష్టమైంది. పేపరు మడిచి పక్కన పెట్టారు. 

"అందరి ముందూ కళ్ళు మూసుకున్నానన్నావు. ఇప్పుడు అబద్ధమాడానంటావా?"

"అంటానండీ."

"నీ నడుము నిలబెట్టిన మనిషి, రత్నం."

"అందుకే చూసీ నోరు మూసుకున్నాను. నా నడుముకీ ఆ పిల్లకీ ఏం సంబంధం చెప్పండి?"

  కమిటీ అధ్యక్షుడిగా తన పేరేమవుతుందో ఆలోచిస్తున్నారని ఆయన ముఖంలో తెలుస్తూనే ఉంది. ఆ ముఖం నాకు కొత్తేమీ కాదు, నెల రోజులుగా అద్దంలో చూస్తున్నదే. చివరికి చెప్పుల స్టాండు దగ్గరికి వెళ్ళి నా గొడుగు తీసి తలుపు పక్కన పెట్టారు. ఎండలో వెళ్ళాలి కదా అన్నారు.

హాస్టల్ గదిలో నాలుగు మంచాలు, వాటి మీద మనుషుల కంటే ఎక్కువ పుస్తకాలు. తేజస్విని నన్ను చూసి లేచి నిలబడింది, టీచర్ని చూస్తే లేచే అలవాటు కాబోలు. నేను కూర్చోకుండానే చెప్పాను. చూశాను, కమిటీలో అబద్ధం చెప్పాను, క్షమించు అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. నేనే ఏడుస్తాననుకున్నాను. ఇద్దరం ఏడవలేదు.

"క్షమాపణ నాకొద్దు మేడం," అంది. "నా మాట ఎవ్వరు నమ్మలే. మా అమ్మగూడ ఆడికెందుకు పోయినవే అన్నది. మీరు చూసింది స్టేషన్ల చెప్పున్రి. రేపు పొద్దుగాల పదిగంటలకు నేనాడుంట."

మర్నాడు నేను గేటు తీసేసరికి అమల స్కూటీ స్టార్ట్ చేసి నిలబడి ఉంది. బ్యాంకుకి సెలవు పెట్టిందట. ఎక్కండి అంది, అంతే.  యోగా దినోత్సవం బ్యానర్లు కడుతున్నారు రోడ్డు పక్కన. ఒకదాని మీద పట్టాభిగారి ఫొటో పెద్దదిగా, కింద మా కమిటీ పేర్లు చిన్నగా ఉన్నాయి. నా పేరు కూడా ఉంది.

స్టేషన్లో మాట్లాడింది ఒక మహిళా ఎస్సై. ముప్పై దాటి ఉండవు. తేజస్విని అప్పటికే చెప్పేసి బెంచీ మీద కూర్చుని ఉంది. అమల గోడకి ఆనుకుని నిలబడింది. ఎస్సై నన్ను తొందరపెట్టకుండా ఒక్కొక్కటే అడిగింది. ఎంత దూరం, ఎంత వెలుగు, చెయ్యి ఎక్కడ, ఎంతసేపు. అన్నీ చెప్పాను. కమిటీలో అబద్ధమాడిన సంగతి కూడా రాయించాను.

"చూసినాక మీరేం చేశారమ్మా?" అని అడిగింది చివర్లో.

"ఆగిపోయాను. తర్వాత మళ్ళీ మోకాళ్ళ నుంచి చెప్పాను."

ఆవిడ రాసుకుంటోంది. వెనక నుంచి తేజస్విని మాట వినిపించింది. గొంతు పెంచలేదు.

"ఇంకొకటున్నది మేడం. కండ్లు మూసుకోమని రోజు మొదట్ల ఒక్కపారే అంటరు మీరు."

అవును, ఇంకొకటుంది. ఇందాక ఆ మంగళవారం గురించి రాసినప్పుడు దాన్ని దాటేశాను. మా ఆయనకి చెప్పినప్పుడూ దాటేశాను, ఆండాలుకి చెప్పినప్పుడూ దాటేశాను. ఆ పిల్లకి హాస్టల్లో క్షమాపణ చెప్పినప్పుడు కూడా దాటేశాను, తను గమనించి ఉండదని. అంత గట్టిగా కళ్ళు మూసుకుని పడుకున్న మనిషికి నా గొంతు తప్ప ఆ నిమిషంలో ఇంకేం వినిపిస్తుందని ఆలోచించలేదు. వినిపించినప్పుడు తనెంత ఆశపడిందో కూడా నాకు ఆ బెంచీ ముందు నిలబడ్డాకే తట్టింది. నేను ఆగగానే, మేడం చూసింది, ఇప్పుడు ఏదో అంటుంది అనుకుని ఉంటుంది. నేను అన్నాను కూడా.

ఎస్సై పెన్ను ఎత్తి పట్టుకుని ఎదురుచూస్తోంది. అమల చాలా రోజుల తర్వాత నా ముఖంలోకి సూటిగా చూస్తోంది.

"మోకాళ్ళ దగ్గర ఆగాక, మిగతావాళ్ళు ఎవరైనా లేచి చూస్తారేమోనని భయమేసింది," అన్నాను. "అందుకని మైకులో ఇంకోసారి చెప్పాను."

"ఏమని?"

"ఎవరూ కళ్ళు తెరవకండి, అని."

ఆవిడ ఆ మాట రాసి, సరిగ్గా ఉందో లేదో చూసుకోమని కాగితం నా వైపు తిప్పింది. ఉన్నది ఉన్నట్టే ఉంది. కింద సంతకం పెట్టాను.